హైపోథెర్మియాకు మన దగ్గర ఏ మాట నప్పుతది?

ప్రశ్న: చలికాలం వస్తే వార్తల్ల ‘హైపోథెర్మియా’ అని రాస్తున్నరు. ఈ మాట ఎట్ల పుట్టింది? మన వరంగల్ దిక్కు ‘ఇగం’ అంటే సరిపోదా?

జవాబు: గ్రీకుల ‘హుపో’ అంటే కింద, ‘థెర్మే’ అంటే వేడి. చివరి ‘ఇయా’ స్థితిని చెప్పే ప్రత్యయం. థర్మామీటర్, థర్మాస్ ఆ ఇంటి మాటలే. ‘హుపో’కు సంస్కృతంల ‘ఉప’, ‘థెర్మే’కు ‘ఘర్మ’ దాయాదులు. చెమటను ఘర్మజలం అంటం కదా, ఆ ఘర్మమే. ఒకదాన్నుంచి ఒకటి అరువు తీసుకోలేదు, రెండిటికీ మూలం ఒక్కటే. ‘హైపర్’ అని మాత్రం రాయొద్దు, అర్థం తిరగబడి ఒళ్లు కాలిపోవుడు అయితది.

‘ఇగం’ సరిపోదన్నా. ఇగం పెడుతున్నదంటే బయటి చలి. వేళ్లు కొంకర్లు పోయినయంటే చేతుల వరకే. హైపోథెర్మియా అంటే ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటె, అంటే 95 ఫారెన్‌హీట్ కంటె దిగుడు. ‘ఒళ్లు చల్లబడ్డది’ దగ్గరి మాటే గని, పాణం పోయినోళ్లకు గూడ అదే అంటరు. ఇంటోళ్ల ముందర ఆ మాట వాడొద్దు.

ఇంకొకరు: పాత పాదరసం థర్మామీటర్ల గీతలు 35 దగ్గరనే మొదలైతయి. అంతకన్న దిగితే అది చూపియ్యదు, ‘జరమేం లేదు’ అనుకుంటరు. వణుకు ఆగింది, నయమైందనుకునుడు ఇంకా పెద్ద పొరపాటు. 32 కంటె దిగినంక ఒంటికి వణికే శక్తి గూడ తగ్గుతది. అప్పటికే మాట ముద్దగ వస్తది, మనిషి తికమక పడుతడు. 28 కంటె దిగితే చిన్న కుదుపుకు గూడ గుండె లయ తప్పొచ్చు.

108కి ఫోన్ చేసి, తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు కప్పాలె. వేడి ముందు ఛాతీకి, చంకలకు అందాలె. కాళ్లు చేతులు రుద్దొద్దు, మంట దగ్గర కాపొద్దు. అక్కడి చల్లటి రక్తం ఒక్కసారి గుండెకు మళ్లుతది. సారా, బ్రాందీ లాంటి మందు తాగిపియ్యొద్దు, చర్మం వెచ్చగ అనిపిస్తది గని లోపలి వేడి బయటికి పోతది.

అప్పుడే పుట్టిన పిల్లలకు హద్దు 35 కాదు, 36.5. పుట్టంగనే తుడిచి, తల్లి ఛాతీకి ఆనించి, నెత్తికి టోపీ పెట్టాలె. మొదటి స్నానం 24 గంటలు ఆగినంకనే.

మొదట జవాబిచ్చినాయన: అట్లయితే ‘లోపలి వేడి పడిపోవుడు’ అనే రాస్త. ‘అల్పోష్ణత’ పుస్తకానికి మంచిదే గని, అంబులెన్సు కోసం చూసేటోళ్లకు అది అర్థం గాదు.