ఏరియేటర్ ఆన్ చేస్తే యూఎస్‌బీ పోర్టు తెగిపోతోంది: డ్రైవర్‌తో ఆపొచ్చా?

సింగరాయకొండ దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో పాత ల్యాప్‌టాప్ ఉంది. అందులో డెబియన్ 12 లినక్స్, కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) 6.1. నీళ్ళలోని ఆక్సిజన్ సెన్సర్ నుంచి ఆర్‌ఎస్-485 (దూరానికి డేటా పంపే సీరియల్ పద్ధతి) వైరు 15 మీటర్లు వచ్చి, సీహెచ్340 చిప్ ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్‌కి చేరుతుంది. డేటా స్పీడు 9600 బాడ్.

రాత్రి 9 గంటలకు ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) మోటార్లు వేయగానే, కరెంటు పోయి జనరేటర్‌కి మారినప్పుడూ ఆ కన్వర్టర్‌కి లినక్స్ ఇచ్చే పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 మాయం. రెండు సెకన్లకు టీటీవైయూఎస్‌బీ1గా వస్తుంది, ఎందుకంటే నా ప్రోగ్రాం పాతదాన్ని ఇంకా తెరిచే ఉంచుతోంది. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) కెర్నలే అడుగుతోంది: హబ్ పోర్టును ఆపేసింది, ఈఎంఐనా (మోటార్ల లాంటివాటి విద్యుదయస్కాంత అలజడా) అని!

యూఎస్‌బీని దానంతటదే నిద్రపుచ్చే ఆటోసస్పెండ్‌ని -1 చేసి ఆపేశాను. పొట్టి కేబుల్, వేరే పోర్టు, సొంత పవరున్న హబ్ మార్చి చూశాను. యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టే లినక్స్ సేవ) రూల్‌తో పేరు స్థిరంగా ఉంది, కానీ తెగడం ఆగలేదు. సీహెచ్340 చిప్‌ని కూడా నడిపే సీహెచ్341 డ్రైవర్‌లో ప్రింట్లు పెట్టి మళ్ళీ కంపైల్ చేశాను. డిస్‌కనెక్ట్ ముందు హబ్ దగ్గరే, డ్రైవర్‌కి తర్వాతే తెలుస్తోంది. అదే సెట్టు ఇంట్లో మూడు రోజులు ఒక్కసారీ తెగలేదు. ఏరియేటర్లు ఆపి చూద్దామంటే తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి.

చెరువుల దగ్గర ఇలాంటివి నడిపినవాళ్ళు చెప్పండన్నా: డ్రైవర్‌లోనో, యూఎస్‌బీ కోర్ క్విర్క్స్‌లోనో (ఒక్కో పరికరానికి పెట్టే ప్రత్యేక సెట్టింగులు) ఏదైనా మారిస్తే ఇది ఆగుతుందా, లేక ఆర్‌ఎస్-485 వైపు ఐసొలేటర్ (రెండు వైపుల కరెంటునూ విడదీసే పరికరం) పెట్టాల్సిందేనా?