ఇంట్లోనే కాన్పు, మిడ్‌వైఫ్ తోడుగా: ఒప్పుకోవచ్చా?

రెండో_కాన్పు (రీడింగ్, ఇంగ్లండ్):
నాకు 34 వారాలు. మొదటి కాన్పు ఇక్కడే ఆసుపత్రిలో, మామూలుగానే అయింది. బీపీ, షుగర్ లేవు. ఈసారి ఇంట్లో కంటావా అని మిడ్‌వైఫే అడిగింది. ఇక్కడి సర్కారు వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉన్న పద్ధతే, పైసా ఖర్చుండదు. నాకు ఇష్టమే. అమ్మ మాత్రం ఫోన్లో ఒకటే ఏడుపు. "మా అమ్మ ఇంట్లో కనే పోయింది. సముద్రాలు దాటి వెళ్లి నువ్వూ మళ్లీ ఆ గదిలోకే వస్తావా?" అంటోంది. ఏం చేయమంటారు?

గోదారి_గట్టు:
వద్దు తల్లీ. మా పెద్దమ్మ కూతురు సంగతి చెప్తాను. బిడ్డ చక్కగా పుట్టాడు, కేర్‌మన్నాడు కూడా. మాయ పడలేదు. మంత్రసాని పొత్తికడుపు నొక్కుతూనే ఉంది. ఆటో వచ్చేసరికి అక్క పాదాలు మంచులా ఉన్నాయి, నా చేతులతో రుద్దాను. మీ అమ్మగారి మాట వినండి.

కరీంనగర్_సిస్టర్:
గోదారి గారూ, మీ బాధ ముందు నేను చెప్పేది చిన్నదే. కానీ మంత్రసాని వేరు, మిడ్‌వైఫ్ వేరు. మా జిల్లాలో 2017లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ నర్సింగ్ చదివిన వాళ్లకు, అదీ 18 నెలలు. ఇంగ్లండ్‌లో ఇంటికొచ్చే మిడ్‌వైఫ్ సంచిలో గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఇంజెక్షన్, బిడ్డ ఏడవకపోతే ఊపిరందించే బ్యాగు ఉంటాయి. ఆ ఇంజెక్షన్ ఇచ్చాక 30 నిమిషాల్లో మాయ పడకపోతే ఇక ఇంట్లో ఉంచరు.

చెల్లె, 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇంగ్లండ్‌లోనే 64 వేలమందికి పైగా, ఏ ఇబ్బందీ లేని గర్భిణుల కాన్పులు పరిశీలించారు. రెండో కాన్పు, ఆపై కాన్పుల్లో బిడ్డకు ఇంటికీ ఆసుపత్రికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తొలిచూలుకు మాత్రం ఉంది: బిడ్డ చనిపోవడమో తీవ్రంగా దెబ్బతినడమో ఆసుపత్రిలో వెయ్యికి 5 అయితే, ఇంట్లో 9. ఇంట్లో కందామనుకున్న తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది, రెండో కాన్పు, ఆపై కాన్పుల వాళ్లలో నూటికి 12 మందిని. నీది రెండోది, పైగా మొదటిది మామూలు కాన్పు. నేనైతే నిన్ను ఆపను.

ఇక్కడివాళ్లు మాత్రం ఇది చదివి ఇంట్లో ఏర్పాట్లు చేసుకోకండి. మాలాంటి సర్కారు మిడ్‌వైఫ్‌లు ఆసుపత్రుల్లోనే ఉంటారు. మీ గడప దాకా ఆ సంచి రాదు.

ఉప్పల్_నాన్న:
మరి ఇక్కడి ఆసుపత్రుల సంగతి? పంతులు రాసిచ్చిన ముహూర్తానికి మా మరదలికి 37 వారాలకే కోశారు. వారం రోజులు బిడ్డ గాజుపెట్టెలో ఉంది. కేంద్రం చేసిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 పైనే సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 81. దీనికంటే ఇల్లే నయం కదా?

కరీంనగర్_సిస్టర్:
కాదన్నా. కోతకు భయపడి ఇంట్లో దాక్కుంటే ఆ భయం పోదు. 2018లో తిరుప్పూరులో వీడియోలు చూసి ఇంట్లోనే కాన్పు చేయబోతే తల్లి నెత్తురు పోయి చనిపోయింది. మనం కొట్లాడాల్సింది ప్రతి ప్రసూతి వార్డులో ఒక మిడ్‌వైఫ్ కోసం. మొన్న ఒక పిల్ల వచ్చింది, తొలిచూలు. నా కొంగు పట్టుకుని "కోస్తారా సిస్టర్?" అని ఒకటే అడుగుడు. మంచం దింపి నడిపించిన. నడుం రుద్దిన. నొప్పి వచ్చినప్పుడల్లా గోడ పట్టుకుని కుంగుతుంటే వాళ్లమ్మను పక్కనే ఉండనిచ్చిన. తెల్లారుజామున కన్నది, కుట్టు కూడా పడలే. ఇంట్లో దొరుకుతుందని మీరనుకునేది అదే కదా? అది వార్డులోనే దొరకాలె.

గోదారి_గట్టు:
మా అక్కకు ఆ ఇంజెక్షన్ ఒక్కటి ఉంటే చాలేమో సిస్టర్. ఇంతకాలం ఇల్లే చంపిందనుకున్నాను. అయినా రీడింగ్ అమ్మాయికి సరే అనడానికి నాకు నోరు రావట్లేదు.

రెండో_కాన్పు:
గురువారం మిడ్‌వైఫ్ మా ఇంటికొస్తోంది. అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుంది, ఆసుపత్రికి ఎంతసేపు, నెత్తురు ఆగకపోతే ముందు ఏం చేస్తారు, అన్నీ రాసిపెట్టుకున్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మ చేతే అడిగిస్తాను. అమ్మ తెలుగులో అడుగుతుంది, మా ఆయన ఇంగ్లిష్‌లో చెప్తాడు. అమ్మకు నచ్చని జవాబు ఒక్కటున్నా ఆసుపత్రికే వెళ్తాను.

గోదారి_గట్టు:
అలాగే చెయ్యమ్మా. మాయ సంగతి మాత్రం అమ్మను రెండుసార్లు అడగమను.