షుగర్ ట్రస్ట్‌ను వదిలేసిన చట్టం కార్మికుల మీదకి ఎలా వచ్చింది?

అమెరికా చరిత్ర బాగా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. 1890లో షెర్మన్ యాంటీట్రస్ట్ చట్టం తెచ్చిందే పెద్ద కంపెనీల గుత్తాధిపత్యానికి ముకుతాడు వేయడానికి కదా. మరి 1895 జనవరిలో, దేశంలో చక్కెర శుద్ధి 98 శాతం దాకా ఒక్క కంపెనీ (దీన్నే షుగర్ ట్రస్ట్ అనేవారు) చేతిలో ఉన్నా, తయారీ వేరు, ఈ చట్టం వర్తించే వాణిజ్యం వేరు అని సుప్రీంకోర్టు వదిలేసింది. జడ్జీల్లో హార్లన్ ఒక్కరే ఒప్పుకోలేదు.

అంతకుముందు ఏడాదే షికాగోలో రైలు పెట్టెలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీ జీతాలు పావు వంతు దాకా కోసేసి, కార్మికులు ఉండే కంపెనీ ఇళ్ల అద్దె మాత్రం తగ్గించలేదు (చదువుతుంటేనే ఒళ్లు మండింది). సమ్మె రైళ్లకు పాకేసరికి ఇదే చట్టం చూపించి కోర్టు ఆర్డర్ తెచ్చారు, సైన్యాన్ని దించారు, యూనియన్ నాయకుడు డెబ్స్‌కి ఆరు నెలలు జైలు.

నా డౌట్ ఏంటంటే, చట్టంలోని మాటలే ఎటైనా తిప్పుకునేలా ఉన్నాయా, లేక జడ్జీల మొగ్గే కంపెనీల వైపు ఉందా? 1904కి వచ్చేసరికి ఇదే చట్టంతో రైల్వే కంపెనీలను గుప్పిట్లో పెట్టుకున్న నార్తర్న్ సెక్యూరిటీస్ కంపెనీని విడగొట్టగలిగారు మరి. ఈ మధ్యలో మారింది కోర్టా, లేక అంతా అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పట్టుదలేనా? సింపుల్‌గా చెప్పినా చాలు.