సైనస్‌కి ఎక్స్‌రే దండగేనా? నేరుగా సీటీకే పోవాలా?

లైట్‌బాక్స్:
ముక్కు దిబ్బడ, నుదుటి నొప్పి అనగానే ఇప్పటికీ చాలాచోట్ల ముందు రాసేది పీఎన్‌ఎస్ (ముక్కు చుట్టూ ఉండే గాలి గదులు, అంటే సైనస్‌ల) ఎక్స్‌రేనే. దాన్ని మానేసి నేరుగా సీటీ తీయాలన్నది నా వాదన. గడ్డం పైకెత్తి తీసే ‘వాటర్స్ వ్యూ’ ఎక్స్‌రేలో బుగ్గ వెనక మాక్సిలరీ సైనస్ తెలుస్తుంది, నిలబెట్టి తీస్తే అందులో నీటిమట్టమూ కనిపిస్తుంది. కళ్ల మధ్యనున్న ఎత్మాయిడ్ గదులు మాత్రం ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం. దీర్ఘకాలిక సైనసైటిస్‌లో అసలు గొడవంతా అక్కడే కదా! ‘హేజీ’ (మసకగా ఉంది) అని రిపోర్టు, ఒక యాంటీబయాటిక్, ఆపైన ఎలాగూ సీటీ.

ముక్కుదూలం:
ఎక్స్‌రే దండగే, ఒప్పుకుంటా. నేరుగా సీటీ అన్నదగ్గరే పేచీ. జలుబు పట్టిన మూడో రోజు సీటీ తీస్తే చాలామందికి సైనస్‌లు నిండే కనిపిస్తాయి. అది వైరస్సా, బ్యాక్టీరియానా అన్నది సీటీ తేల్చదు. పది రోజులైనా తగ్గలేదా, తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదిరిందా అన్నది రోగిని అడిగితే తెలుస్తుంది. 12 వారాలు దాటితే ముక్కులోకి కెమెరా గొట్టంతో చూసే ఎండోస్కోపీ చేసి, ఉప్పునీటితో కడగడం, స్టెరాయిడ్ స్ప్రే 4 నుంచి 6 వారాలు వాడించాలి. అప్పటికీ లొంగకపోతే సీటీ.

లైట్‌బాక్స్:
రేడియేషన్ భయమైతే అది పాత మాట. లో-డోస్ సైనస్ సీటీ 1 మిల్లీసీవర్ట్ లోపే. తల సీటీయే సుమారు 2.

ముక్కుదూలం:
భయం డోసుతో కాదండీ, రిపోర్టుతో. ఏ బాధా లేనివాళ్లలోనూ కాస్త పొర మందం మామూలే. ‘మ్యూకోసల్ థికెనింగ్’ అన్న రెండు మాటలు పడగానే మైగ్రేన్ కాస్తా సైనస్ తలనొప్పి అయిపోతుంది.

సన్నస్లైస్:
ఎప్పుడు తీయాలన్న దానితో పాటు ఎలా తీయాలన్నదీ చూడండి. 5 మిల్లీమీటర్ల స్లైసులతో తీసే బ్రెయిన్ సీటీలోనే ‘సైనస్ కూడా చూసేయండి’ అంటే కుదరదు. 1 మిల్లీమీటర్ లోపు స్లైసులు, బోన్ విండో (ఎముక స్పష్టంగా కనిపించే సెట్టింగ్), కరోనల్ (ముఖానికి ఎదురుగా నిలువుకోత) చిత్రాలు కావాలి. ఆపరేషన్ ముందు ముక్కు పైకప్పులోని ఘ్రాణ గుంట లోతు రెండు వైపులా కొలవాలి, రెండూ ఒకేలా ఉంటాయన్న నమ్మకం లేదు. 8 మిల్లీమీటర్లు, ఆపైన అయితే ఈ లోతును బట్టి చేసే కెరోస్ వర్గీకరణలో 3వ రకం, అంటే అన్నిటికన్నా లోతైనది. ఆ గుంట పక్కగోడ కాగితమంత పలచన. పరికరం తగిలి అది చిల్లుపడితే మెదడు నీరు ముక్కులోంచి కారుతుంది.

టీ2 నలుపు:
‘రేడియేషన్ లేదుగా, ఎంఆర్‌ఐ చాలు’ అనేవాళ్లకు ఒక మాట. ఫంగస్‌కు అలర్జీగా వచ్చే అలర్జిక్ ఫంగల్ సైనసైటిస్‌లో గట్టిపడిన చీమిడి టీ2లో (ఎంఆర్‌ఐలో నీరు తెల్లగా కనిపించే చిత్రం) గాలిలాగే నల్లగా పడుతుంది. బిగిసిపోయిన సైనస్ ఖాళీగా కనిపిస్తుంది! సీటీలో అదే తెల్లగా బయటపడుతుంది. మ్యూకర్‌లో (బ్లాక్ ఫంగస్) మాత్రం కథ తిరగబడుతుంది. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నింపేసిన జబ్బు. ఫంగస్ రక్తనాళాల వెంట పాకుతుంది, ఎముక తినడం తర్వాతి సంగతి. కాబట్టి ‘సీటీలో ఎముక బాగుంది’ అని ఊరుకోకూడదు. కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐలో మెరవాల్సిన టర్బినేట్ (ముక్కు లోపలి మడత) నల్లగా మిగిలితే అక్కడ కణజాలం చచ్చినట్టే. షుగర్ ఉన్నవాళ్లే ఎక్కువ కాబట్టి కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడండి, అలాగని దానికోసం రోజులు పోగొట్టొద్దు.

లైట్‌బాక్స్:
సరే, మామూలు కేసుల్లో ఆరు వారాలు ఆగడానికి ఒప్పుకుంటున్నా. ఒకవైపే నిండినవాటికి ఆ గడువు వర్తించదు. అక్కడ కణితి ఉండొచ్చు, ఫంగస్ ముద్ద ఉండొచ్చు, పుచ్చిన పై దవడ పన్నూ కావొచ్చు. స్కాన్‌ను పళ్ల వేళ్ల దాకా దించమని రిక్వెస్టులో రాయండి. లేకపోతే కారణం ఫిల్ము బయటే ఉండిపోతుంది.