జనవరి 3 విశాఖపట్నం క్రైస్తవ రచయితల కూడిక: ఎవరి పని ఎవరిది (గ్రూపులో రాసుకున్న మాటలు; ఎవరు రాశారో వాళ్లు ఉండే చోటు పేరు పైన ఉంది)

మర్రిపాలెం, మంగళవారం ఉదయం 7:40
అందరికీ వందనాలు. శనివారానికి నాలుగు రోజులే ఉంది. నిన్న రాత్రికి 62 పేర్లు వచ్చాయి. డల్లాస్ నుంచి సెలవులకు వచ్చిన మనవాళ్లు తొమ్మిది మందీ వీటిలోనే ఉన్నారు. హాలు, కుర్చీలు నేను చూస్తాను. భోజనాలు సీతమ్మధార అక్క. బ్యానరు, సర్టిఫికెట్లు, పాఠం కాగితాలు మధురవాడ తమ్ముడు. మైకు, ప్రొజెక్టరు వన్‌టౌన్. పాఠం గాజువాక అక్క. లెక్కలు డల్లాస్ అన్న. రేపు రాత్రి ఎవరి చర్చిలో వాళ్లం ఉంటాం, ఎల్లుండి కొత్త సంవత్సరం. అందుకని బయట పనులన్నీ ఈ రోజు సాయంత్రానికే అయిపోవాలి. అయినవి ఇక్కడ రాయండి.

మధురవాడ, 9:05
పాఠం కాగితాల ప్రూఫ్ వచ్చింది. ప్రెస్‌లో వాళ్లు వాడే "అను" ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు విడిపోయాయి. హబక్కూకు 2:2లో "స్పష్టముగా" అన్న మాట సగానికి విరిగి ట ఒక్కటే పక్కకి పోయింది. దర్శనాన్ని పలక మీద స్పష్టంగా రాయమని దేవుడు చెప్పిన వచనం అది, అలా వదలబుద్ధి కాలేదు. ప్రెస్‌లోనే కూర్చుని దిద్దుతున్నాను. ఎనిమిది పేజీలు. అక్కా, మూడో పేజీలో తెర్తియు గురించిన పేరా సగంలో ఆగిపోయింది, మిగతాది పంపండి.

గాజువాక, 9:30
పంపాను తమ్ముడూ. ఆ పేరా మాత్రం తగ్గించొద్దు. రోమా పత్రిక పౌలుది అంటాం, కానీ కలం పట్టినవాడు తెర్తియు. 16:22లో తన పేరుతో తనే వందనాలు చెప్పుకున్నాడు. మన కూడికకి వచ్చేవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే. పాస్టరు అయ్యగారి ప్రసంగాలు విని టైపు చేసేవాళ్లు, దేవుడు తమకి ఏం చేశాడో చదువు రాని పెద్దవాళ్లు చెప్పే సాక్ష్యాలు రాసిపెట్టేవాళ్లు. "నేను కూడా రచయితనేనా అక్కా" అని నన్ను ఫోన్‌లో అడిగినవాళ్లున్నారు. వాళ్లకి తెర్తియు కావాలి.

పొద్దున పూట మొత్తం యిర్మీయా 36 మీదే ఉంటాం, యిర్మీయా ప్రవక్త చెప్తుంటే బారూకు పుస్తకపు చుట్టలో రాసిన అధ్యాయం. మధ్యాహ్నం ప్రతి ఒక్కరూ తాము రాసింది ఒక పేజీ చదవాలి.

మర్రిపాలెం, మధ్యాహ్నం 12:15
హాలు పోయింది. మేనేజర్ ఇప్పుడే ఫోన్ చేశాడు. మతపరమైన సభలకి ఇవ్వకూడదని వాళ్ల కమిటీ నిన్న అనుకుందట. అప్లికేషన్‌లో "క్రైస్తవ రచయితల కూడిక" అని చూసి కాదన్నారట. నెల కిందట అదే కాగితం తీసుకుని పదిహేను వేలు అడ్వాన్సు కట్టించుకున్నారు. డబ్బు గురించి అడిగితే సోమవారం రమ్మంటున్నాడు. నేను అక్కడికే బయల్దేరుతున్నాను.

వన్‌టౌన్, 12:22
నవంబర్‌లోనే చెప్పాను. "సాహిత్య సదస్సు" అని రాద్దాం, చాలు అన్నాను. ఎవరూ వినలేదు. అది అబద్ధం కూడా కాదు, మనం చేసేది సాహిత్యమే.

డల్లాస్, 12:31
ఇక్కడ రాత్రి ఒంటిగంట. నిద్ర ఎగిరిపోయింది. అన్నా, అడ్వాన్సుకి రసీదు ఉందా? ఈ డబ్బు నలభై ఇళ్ల నుంచి ఐదేసి, పదేసి డాలర్లుగా వచ్చింది. రేపు కమిటీలో నేను లెక్క చెప్పాలి.

మర్రిపాలెం, 1:10
రసీదు లేదు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను, ఫోటో ఉంది. గేటు దగ్గరే ముప్పావు గంట నిలబెట్టారు, లోపలికి రానివ్వలేదు. ఆఫీసుకి సెలవు పెట్టి తిరుగుతున్నాను. ఇక్కడ ఎండలో నిలబడినవాడిని రసీదు అడుగుతున్నారు, అక్కడ ఇంకొకరు నవంబర్ మాట తవ్వుతున్నారు. నా వల్ల కాదు. ఎవరైనా వచ్చి చూసుకోండి.

సీతమ్మధార, 1:25
వంట ఆయనకి 62 భోజనాలకి చెప్పేశాను. హాల్లో వంటగది ఉందని గ్యాస్ పొయ్యి కూడా మాట్లాడలేదు. ఇప్పుడు ఉంచాలా, మానాలా? ఆయన సాయంత్రం కూరగాయలకి పూర్ణా మార్కెట్‌కి వెళ్తాడు. ఐదు లోపు చెప్పండి.

వన్‌టౌన్, 1:40
గాజువాక అక్కా, మీరే చెప్పండి. యిర్మీయా 36లోనే అధికారులు బారూకుతో నువ్వూ యిర్మీయా దాక్కోండి అన్నారు కదా. జాగ్రత్తపడటం తప్పని ఎక్కడుంది?

గాజువాక, 2:15
దాక్కోమన్నారు, నిజమే తమ్ముడూ. కానీ అప్పటికి బారూకు చదవడం అయిపోయింది. ముందు మందిరంలో, పై ఆవరణలో గెమర్యా గదిలో నిలబడి ప్రజలందరికీ వినబడేలా చదివాడు. తర్వాత అధికారులు పిలిస్తే వాళ్ల ముందు కూర్చుని మళ్లీ చదివాడు. ఇదంతా ఎలా రాశావని అడిగితే దాచలేదు, ఆయన నోటితో చెప్తుంటే నేను సిరాతో రాశానన్నాడు. నీ మాట నేను కొట్టేయడం లేదు. "సాహిత్య సదస్సు" అని రాసి ఉంటే హాలు దొరికేదేమో. కానీ పొద్దున పాటతో మొదలుపెట్టగానే మేనేజర్ వచ్చి మైకు ఆపితే, మొదటిసారి తన రాత చదవడానికి వచ్చిన ఆడపిల్ల ముఖం ఎలా ఉండేదో ఆలోచించు.

మర్రిపాలెం అన్న ఫోన్ ఎత్తడం లేదు. మూడుసార్లు చేశాను. డల్లాస్ అన్నా, మీరు ఒకసారి ఆయనతో మాట్లాడండి.

డల్లాస్, 2:30
చేస్తాను. రసీదు మాట ఆ టైములో అడగాల్సింది కాదు. నాకు కమిటీ భయం పట్టుకుంది. పదిహేను వేలు తిరిగి రాకపోతే నేను వేసుకుంటాను, దాని గురించి ఇంక ఎవరూ మాట్లాడొద్దు. ఒక ఆలోచన, అందరం జూమ్‌లో కలిస్తే? ఖర్చు ఉండదు, ఇక్కడివాళ్లూ వింటారు.

సీతమ్మధార, 4:50
ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి నేనే చెప్పేశాను. పెద్ద భోజనం మానేసి పులిహోర, పెరుగన్నం, అరటిపండు. ఎక్కడ కూర్చున్నా తినొచ్చు. వంట మా ఇంట్లోనే, ఇద్దరు ముగ్గురు సాయం వస్తే చాలు.

భీమిలి, సాయంత్రం 6:20
నేను పనుల్లో లేనివాడిని, వయసు వల్ల మీరు నాకు ఏ పనీ పెట్టలేదు. అయినా రెండు మాటలు రాయనివ్వండి.

యిర్మీయా 36:5 చూడండి. నేను నిర్బంధంలో ఉన్నాను, మందిరానికి వెళ్లలేను అని ప్రవక్తే చెప్తాడు. మందిరంలోకి వెళ్లకుండా ఆగిపోయినవాడి మాట మందిరంలో చదవబడింది, ఎందుకంటే ఇంకొకడు తీసుకెళ్లాడు. చలికాలం, తొమ్మిదో నెల, రాజు యెహోయాకీము కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది అనే అతను మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో కోసి నిప్పులో వేశాడు, అలా ఆ పుస్తకపు చుట్ట మొత్తం కాలిపోయేదాకా. ఏడాది పని అది. నేను మాస్టారుగా ఉన్నప్పుడు ఒక వానాకాలం మా పెంకుటిల్లు కారి నా పద్యాల నోటు పుస్తకం ఒకటి తడిసి ముద్దయింది. అక్షరాలు నీలం మరకలయ్యాయి. రెండేళ్లు కలం ముట్టలేదు. ఈ అధ్యాయం చివరి వచనం చదివాకే మళ్లీ కూర్చున్నాను. వేరే చుట్ట తీసుకుని అవే మాటలు రాశారు, అలాంటివి ఇంకా చాలా కలిపారు అని ఉంటుంది. పాతవి నాకు సగమే గుర్తొచ్చాయి, కానీ కొత్తవి వచ్చాయి.

మన ఊరి సంగతి కూడా ఒకటి. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీ సొసైటీ నుంచి ఈ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పనిలో పడ్డారు. 1809లో క్రాన్, 1810లో డి గ్రాంజెస్ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇద్దరిలో ఒక్కరూ ఆ అచ్చు కాగితం చేత్తో పట్టుకోలేదు. వాళ్లు రాసిన ఊళ్లో ఉండి మనం హాలు లేదని మానేస్తే నా మనసు ఒప్పుకోదు. చెట్టు కిందైనా నేను వస్తాను.

మధురవాడ, 6:45
మాస్టారూ, ఈ క్రాన్ సంగతి పాఠం కాగితంలో చివరి పేజీ కింద వేస్తాను, చోటుంది. బ్యానరు ఆపేశాను, దాని మీద హాలు పేరుంది. సర్టిఫికెట్లు కూడా వద్దనిపిస్తోంది, ఆ డబ్బుతో నోటు పుస్తకాలు కొంటే?

గాజువాక, రాత్రి 8:10
కొను.

జూమ్ గురించి డల్లాస్ అన్నకి. కోపంతో కాదన్నా, బాధతోనే చెప్తున్నాను. రెండో యోహాను 12వ వచనంలో, రాయాల్సినవి చాలా ఉన్నా కాగితంతో సిరాతో రాయడం ఇష్టం లేదు, మీ దగ్గరికి వచ్చి ముఖాముఖిగా మాట్లాడతాను, మన సంతోషం పూర్తవ్వాలి అంటాడు. అన్ని రాసినవాడే ఆ మాటంటున్నాడు. నా దగ్గర పేరిచ్చిన ఒక అక్క ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. కొడుకు వాడేసిన స్కూలు నోటు పుస్తకాల్లో చివర మిగిలిన తెల్ల కాగితాలు చింపి, సూదీ దారంతో కుట్టుకుని అందులో సాక్ష్యం రాసుకుంటోంది. కుట్టు దగ్గర ఎర్ర దారం, కాగితాలు రెండు మూడు సైజుల్లో ఉన్నాయి. ఫోన్‌లో రోజంతా చూసేంత నెట్ ఆమెకి ఎక్కడిది? ఆ పుస్తకం ఎవరైనా చేతుల్లోకి తీసుకుని చూడాలి.

డల్లాస్, 8:40
అర్థమైందమ్మా. జూమ్ వద్దు. మధ్యాహ్నం చదివేటప్పుడు మాత్రం ఎవరైనా ఫోన్‌లో కలపండి, మేం నిద్ర మానుకుని వింటాం.

వన్‌టౌన్, బుధవారం ఉదయం 10:00
నిన్న నుంచి ఏడు చోట్ల అడిగాను. రెండు చర్చిల్లో శనివారం ఉపవాస కూడికలున్నాయి. ఒకచోట సండే స్కూల్ గది ఇస్తామన్నారు, ముప్పై మంది దాటితే కూర్చోలేరు. ఒక స్కూలు ఉంది, రోజుకి పన్నెండు వేలు అడిగారు. మర్రిపాలెం అన్నా, మీరు ఇక్కడ చదువుతుంటే, నిన్నటి మాటకి నన్ను క్షమించండి. అది మీ మీద అన్న మాట కాదు.

మర్రిపాలెం, గురువారం తెల్లవారుజాము 1:50
ఇప్పుడే ఆరాధన నుంచి వచ్చాం. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.

అక్క పాఠం ప్రూఫ్ బైబిల్లో పెట్టుకుని వెళ్లాను. అందులో చివర యిర్మీయా 45 చదవమని రాసి ఉంది. ఐదు వచనాలే. బారూకు తను మూలిగి మూలిగి అలసిపోయానని, నెమ్మది దొరకలేదని అనుకుంటున్నాడట. దేవుడికి ఆ మాట వినబడింది. నీ కోసం గొప్పవాటిని వెతుకుతున్నావా, వెతకొద్దు అన్నాడు, ప్రాణం మాత్రం కాపాడతానన్నాడు. ఆ హాలు ఏసీ హాలని, స్టేజీ ఉందని నేనే పట్టుబట్టాను. డల్లాస్ నుంచి వచ్చినవాళ్ల ముందు మనం తక్కువ కనబడకూడదని. అది నాకు తెలుసు, మీకెవరికీ చెప్పలేదు.

మా మేడ ఉంది. నలభై ఐదు మంది కూర్చోవచ్చు, షామియానా వేస్తే ఎండ రాదు. మెట్లు ఎక్కలేనివాళ్ల గురించి ఆలోచిస్తుంటే కింద వాటాలో ఉండే మామ్మగారు తలుపు తీసి ఏంటి ఇంత రాత్రి తిరుగుతున్నావని అడిగారు. విషయం చెప్పాను. మా ముందు గది ఖాళీయే కదా, పెద్దవాళ్లని అక్కడ కూర్చోబెట్టు, తులసి కోట దగ్గర మాత్రం చెప్పులు విడవొద్దను అన్నారు.

గాజువాక, ఉదయం 6:05
అన్నా, ఇప్పుడే చూశాను. ఏడుపొచ్చింది. మామ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మధ్యాహ్నం చదివేటప్పుడు పైవాళ్లలో కొందరు కిందికి వచ్చి పెద్దవాళ్లకి చదివి వినిపిస్తారు. బారూకు కూడా ఒకే రోజు రెండు చోట్ల చదివాడు.

సీతమ్మధార, 7:15
మామ్మగారు ఉల్లి, వెల్లుల్లి తింటారా కనుక్కోండి. ఆవిడకి పులిహోర ముందే విడిగా తీసి పంపుతాను.

వన్‌టౌన్, 9:40
మేడ మీద పెద్ద మైకు పెడితే చుట్టుపక్కల ఇళ్లకి ఇబ్బంది. మైకు, ప్రొజెక్టరు రెండూ తీసేస్తున్నాను. షామియానా ఆయనతో మాట్లాడాను, శుక్రవారం సాయంత్రం కడతాడు. నేనే వచ్చి దగ్గరుండి కట్టిస్తాను అన్నా.

మర్రిపాలెం, 9:55
రా తమ్ముడూ. టిఫిన్ ఇక్కడే.

మధురవాడ, శుక్రవారం రాత్రి 9:20
పాఠం కాగితాలు 70, నోటు పుస్తకాలు 65 తెచ్చి అన్న ఇంట్లో పెట్టాను. హబక్కూకు వచనం సరిగ్గా పడింది, మూడుసార్లు చూశాను. ఆయా అక్కకి కొత్త పుస్తకం ఇస్తే పాతది పక్కన పెట్టేస్తుందేమో అనిపించింది, అందుకని ఎర్ర దారం ఒక ఉండ కూడా కొన్నాను. ఇంకా రాయాలనుకుంటే ఆ పుస్తకానికే కాగితాలు కుట్టుకుంటుంది.

డల్లాస్, 9:45
హాలువాళ్లు సోమవారం సగం ఇస్తామని అన్నకి ఫోన్ చేశారట. మిగతాది నేను చూసుకుంటాను.

భీమిలి, శనివారం ఉదయం 7:30
బస్సెక్కాను. కాంప్లెక్స్ దగ్గర దిగుతాను. చేతిలో నోటు పుస్తకాలు మూడున్నాయి, ఎవరైనా బండి మీద వస్తే వెనక కూర్చుంటాను.

వన్‌టౌన్, 7:34
నేను వస్తున్నాను మాస్టారూ, అక్కడే నిలబడండి. అన్నా, మేడ మీద చాపలు ఎన్ని ఉన్నాయి? మా ఇంట్లో నాలుగున్నాయి, తేనా?

మర్రిపాలెం, 7:36
తే. 62 కాదు, పేర్లు 71 అయ్యాయి.