కడుపులో బిళ్ళలు కట్టాయన్నారు, రోగంతో పోరాడే కణాలు అక్కడికి ఎట్లా పోతాయి?

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

మా బాబుకు ఏడేళ్లు. పోయిన వారం బొడ్డు చుట్టూ నొప్పి అని మెలికలు తిరిగిపోయాడు, రెండు రోజులు జ్వరం, నాలుగైదుసార్లు నీళ్ల విరేచనాలు. స్కానింగ్ తీయిస్తే మెసెంటెరిక్ లింఫ్ నోడ్స్ పెరిగాయి, అన్నిట్లో పెద్దది 9 మిల్లీమీటర్లు అని రిపోర్టులో రాశారు. డాక్టర్ గారేమో "బిళ్ళలు కట్టినయి, అవే తగ్గుతాయి" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇంటికొస్తే పక్కింటాయన టీబీ కావచ్చంటాడు, మా అమ్మ బొడ్డు జారిందని ఆముదం రాసి తోముతోంది, నాకు టెన్షన్.

కాలికి ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ రోగం పేగులో ఉంటే బిళ్ళ పేగు బయట ఎందుకు కట్టాలి? పేగుకు పోవాలని ఆ కణాలకు ఎవరు చెప్తారు? ఇంటర్‌తో బయాలజీ ఆపేసినవాణ్ని, అర్థమయ్యేట్టు చెప్పండి.

పాలమూరు ల్యాబ్

అన్నా, ముల్లు సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి అక్కడి నుంచే చెప్తా. పాదానికి గజ్జ ఎట్లాగో పేగుకు మెసెంటరీ అట్లా. ఇంట్లో బోటి కడిగినవాళ్లకు అది బాగా తెలుసు, పేగును అంటుకుని కొవ్వుతో పల్చటి పొర వస్తుంది చూడు, అదే. పేగు నుంచి లింఫ్ అనే పల్చటి ద్రవాన్ని మోసుకొచ్చే లింఫ్ నాళాలు ఆ పొరలో ఉండే బిళ్ళల గుండానే పోతాయి.

ఇప్పుడు పేగు లోపలికి రా. చిన్నపేగు గోడలో, చివరి భాగంలో ఎక్కువగా, రక్షణ కణాల గుంపులు ఉంటాయి. 1677లో యోహాన్ కొన్రాడ్ పేయర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు వాటి గురించి రాశాడు కాబట్టి పేయర్స్ ప్యాచెస్ అంటారు. వాటి పైకప్పులో ఎం కణాలని కొన్ని ఉంటాయి, వీటి పని విచిత్రం: పేగులో తిరిగే క్రిముల్ని పట్టి తామే లోపలికి దాటిస్తాయి. దొంగను పిలిచి మరీ ఇంట్లోకి రానిచ్చినట్టే, కాకపోతే లోపల డెండ్రైటిక్ కణాలు కాచుకుని ఉంటాయి. టైఫాయిడ్ క్రిమికి ఈ తలుపు బాగా తెలుసు. అందుకే టైఫాయిడ్ ముదిరితే, మూడో వారం ప్రాంతంలో, సరిగ్గా ఈ గుంపులున్న చోటే పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంటుంది.

డెండ్రైటిక్ కణం క్రిమిని మింగి, దాని ముక్కను ఆనవాలుగా ఒంటి మీద తగిలించుకుని, లింఫ్ నాళంలో పడి మెసెంటరీ బిళ్ళకు చేరుతుంది. దాని మీద సీసీఆర్7 అనే గ్రాహకం ఉంటుంది, బిళ్ళ వైపు నుంచి సీసీఎల్21 అనే పదార్థం వస్తుంటుంది, వాసన పట్టుకున్న కుక్కలా దాన్ని పట్టుకుని పోతుంది.

క్రిమి ముక్కను గుర్తుపట్టి పోరాడే తెల్ల రక్తకణాలుంటాయి, వాటిని టీ కణాలంటారు, అవి మాత్రం రక్తంలోంచి వస్తాయి. బిళ్ళలోని సన్నని సిరల గోడకు తగిలి, దాని మీద దొర్లుతూ దొర్లుతూ వేగం తగ్గి, ఆగి, సందు చూసుకుని లోపలికి దూరతాయి. లోపల వాటి నడక నిమిషానికి సుమారు 10 మైక్రాన్లు, అంటే తన ఒంటి పొడవు కంటే కాస్త ఎక్కువ. 2002 నుంచి దీన్ని టూ-ఫోటాన్ మైక్రోస్కోప్‌లో కదులుతుండగానే చూస్తున్నారు. నేరుగా ఒక చోటికి పోదు, జాతరలో తప్పిపోయిన పిల్లవాణ్ని వెతికినట్టు అటూ ఇటూ తిరుగుతూ ఎదురైన ప్రతి డెండ్రైటిక్ కణాన్నీ తడిమి చూస్తుంది. తనకు సరిపోయే ముక్క దొరక్కపోతే అరరోజో రోజో చూసి వెళ్లిపోతుంది.

నీ ప్రశ్నకు అసలు జవాబు ఆ వెళ్లిపోవడంలో ఉంది. ఎస్1పీ అనే కొవ్వు పదార్థం రక్తంలో, లింఫ్‌లో ఎక్కువ, బిళ్ళలో తక్కువ. ఎక్కువున్న వైపు నడిస్తే బయటపడొచ్చు. ఇన్ఫెక్షన్ రాగానే కణాల మీద సీడీ69 అనే ప్రొటీన్ లేచి, ఎస్1పీని గుర్తుపట్టే గ్రాహకాన్ని లోపలికి లాగేస్తుంది. వచ్చేవి వస్తూనే ఉంటాయి, పోయేవి ఆగిపోతాయి. సాగర్‌కు ఇన్‌ఫ్లో ఉండగా గేట్లు దించేస్తే మట్టం పెరగదా? దానికి తోడు ముక్క దొరికిన కణాలు అక్కడే పిల్లలు పెడతాయి. మీ వాడి 9 మిల్లీమీటర్లు చాలావరకు ఇదే అయ్యుంటుంది.

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

సాగర్ గేట్లంటే టక్కున ఎక్కింది తమ్ముడూ. మరి గేట్లు ఎత్తాక అవి వచ్చిన దారినే పేగుకు వెనక్కి పోతాయా?

పాలమూరు ల్యాబ్

పోవు. ఇదే నాకు భలే నచ్చే ముచ్చట. బిళ్ళలోంచి లింఫ్‌లో పడి, ఛాతీలో ఉండే థొరాసిక్ డక్ట్ అనే పెద్ద నాళం ఎక్కి, ఎడమ వైపు మెడ కింద సిరలో కలుస్తాయి. అక్కణ్నుంచి గుండెకు, గుండె నుంచి ఒళ్లంతా. ఒళ్లంతా తిరిగే కణం పేగు దగ్గరే ఎందుకు దిగాలి? మా ఊరివాళ్లు బొంబాయి పనికి పోయేటప్పుడు మేస్త్రీ ఇచ్చిన అడ్రస్ చీటీ జేబులో పెట్టుకునేవాళ్లు, ఇక్కడ మేస్త్రీ ఎవరంటే పేగు నుంచి వచ్చిన డెండ్రైటిక్ కణం. అది మనం తిన్న విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లం తయారుచేసి టీ కణానికి అందిస్తుంది, దాంతో టీ కణం మీద ఆల్ఫా4బీటా7, సీసీఆర్9 అనే రెండు గుర్తులు మొలుస్తాయి. 2004లో తేలిన సంగతి ఇది. పేగు గోడ రక్తనాళాల్లో మ్యాడ్‌క్యామ్ అనే కొక్కెం ఉంటుంది, ఆల్ఫా4బీటా7 దానికే తగులుకుంటుంది, కణం అక్కడ దిగిపోతుంది.

విటమిన్ ఎ అనగానే సిరప్ కొనుక్కొచ్చి పట్టించకండి, ఎక్కువైతే విషం. మునగాకు, తోటకూర, బొప్పాయి చాలు. ఐదేళ్లలోపు పిల్లలకు ఆరు నెలలకోసారి ప్రభుత్వమే వేస్తుంది.

సూర్యాపేట సీను

ఆల్ఫా4బీటా7 పేరు చూసి ఆగిపోయా. మా అన్నకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు, వెడోలిజుమాబ్ అనే మందు ఎక్కిస్తున్నారు. ఆ మందు పట్టేది ఈ గుర్తునే అని డాక్టర్ బొమ్మ గీసి చూపించాడు. పేగులో మంట పెట్టే కణాలు దిగకుండా కొక్కెం దగ్గరే అడ్డుకుంటుందట. రేటు చూస్తే మాత్రం మనకు మంట.

దేవరకొండ నర్సమ్మ

పిల్లల వార్డులో చేస్తాను, ఇటువంటి రిపోర్టులు వారానికి రెండుమూడు చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ చిన్న బిళ్ళలు కనబడతాయి. వైరస్ వల్ల కట్టినవి మామూలుగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. అయితే నొప్పి బొడ్డు దగ్గర్నుంచి కుడివైపు కిందికి దిగి అక్కడే నిలబడితే అపెండిక్స్ కావచ్చు, ఆ రాత్రే తీసుకుపోండి. బరువు తగ్గడం, వారాల తరబడి జ్వరం, మలంలో రక్తం, వీటిలో ఏదున్నా మళ్లీ చూపించాలి. టీబీ ఉందా లేదా పక్కింటాయన మాటతో తేలదు. మీ అమ్మగారికి ఒక్క మాట చెప్పండి, నొప్పి ఉన్న పొట్టను గట్టిగా తోమొద్దు.

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

అందరికీ థ్యాంక్స్. బరువు తగ్గలేదు, జ్వరం మళ్లీ రాలేదు, నొప్పి ఎటూ దిగలేదు. నిన్న రాత్రి పెరుగన్నం తిని, పొద్దున రెండు ఇడ్లీలు అడిగి మరీ పెట్టించుకున్నాడు. నర్సమ్మ గారి మాట అమ్మకు చెప్పా. తోమడం ఆపింది గానీ, తగ్గింది తన ఆముదానికే అని వాడంతా చెప్పుకొస్తోంది.