ఇషిహారాలో తప్పులొస్తే పైలట్ కోర్సు ఆశ వదులుకోవాల్నా?

దేవరకొండ_ఎంపీసీ:
ఇంటర్ అయిపోయింది, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేద్దామనుకుంటున్న. కంటి డాక్టరు రంగులు గుర్తుపట్టే ఇషిహారా టెస్టు కోసం చుక్కల పుస్తకం చూపిస్తే 8ని 3 అని, 74ని 21 అని చదివిన. సిగ్నల్ లైట్లు మంచిగనే తెలుస్తయి. ఫ్లయింగ్ స్కూలోళ్లు "ముందు సీటు బుక్ చెయ్యిండ్రి, మెడికల్ తర్వాత" అంటున్నరు. నాన్న రెండెకరాలు బేరం పెట్టిండు. రంగు కళ్లద్దాలతో పాసయితదా?

క్రాస్‌విండ్:
తమ్ముడూ, ముందు ఆ బేరం ఆపించు. చిక్కు ఎక్కడుందంటే, క్లాస్ 2 మెడికల్ (మొదటి దశ ఆరోగ్య పరీక్ష)తోనే స్టూడెంట్ పైలట్ లైసెన్సు వస్తది, ఎగరడం షురూ అయితది. సీపీఎల్‌కు మాత్రం 200 గంటల ఫ్లయింగ్‌తో పాటు క్లాస్ 1 (ఇంకా గట్టి మెడికల్) కావాలె. గంటలకు పైసలన్నీ కట్టినంక క్లాస్ 1లో ఆగిపోతే చేసేదేం లేదు. అందుకే డీజీసీఏ (దేశంల విమానయానాన్ని చూసే సర్కారు సంస్థ) వాళ్ల ఈజీసీఏ పోర్టల్‌ల నమోదు, డీజీసీఏ జాబితాలున్న డాక్టరు దగ్గర క్లాస్ 2, ఫైల్ నంబరు వచ్చినంక బెంగళూరు ఐఏఎం (ఎయిర్‌ఫోర్స్ వైమానిక వైద్య సంస్థ) లాంటి సెంటర్‌ల క్లాస్ 1. అది చేతికొచ్చినంకనే ఫీజు ముచ్చట.

ఇషిహారా తప్పినంత మాత్రాన కథ ముగియదు. విమానయానంలో వాడే రంగు దీపాలను సరిగ్గ గుర్తుపడితే ఫిట్ ఇయ్యొచ్చని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లైసెన్సు నిబంధనలు, అంటే అనెక్స్ 1, చెప్తది. దానికి లాంతరు పరీక్ష పెడ్తరు: చీకటి గది, దూరంగ సన్న వెలుగు, ఎరుపా, ఆకుపచ్చా, తెలుపా చెప్పాలె. చౌరస్తా సిగ్నల్‌తో పోల్చుకోకు, అక్కడ పైదే ఎరుపని జాగను బట్టి తెలుస్తది. రన్‌వే పక్కన దిగే ఎత్తు సరిగ్గ ఉందో లేదో చెప్పే పాపీ దీపాలు నాలుగు ఒకే వరుసల ఉంటయి. రెండు తెలుపు, రెండు ఎరుపు అయితే ఎత్తు సరి; నాలుగూ ఎరుపైతే బాగా కిందికి దిగిపోయినవ్. రంగు తప్ప ఇంకో ఆనవాలే లేదు.

పాలమూరు_ఆప్టోమ్:
8ని 3గా చదివితే ఎరుపు-ఆకుపచ్చ లోపమే. ఏ రకం, ఎంత అన్నది దాంతో తేలదు. అదే పుస్తకంలో 26 ఉన్న పేజీ తియ్యమనండి. 6 ఒక్కటే కనిపిస్తే ప్రొటాన్ (ఎరుపును పట్టే శక్తిలో లోపం), 2 ఒక్కటే అయితే డ్యూటాన్ (ఆకుపచ్చను పట్టే శక్తిలో లోపం). ప్రొటాన్ వాళ్లకు ఎరుపు వెలుగే మసకగా ఉంటుంది, కాబట్టి లాంతరు ఇంకా కష్టం. తీవ్రత తేల్చేది అనోమలోస్కోప్ అనే రంగులు కలిపి చూసే యంత్రం. అది అన్ని ఆస్పత్రుల్లో ఉండదు, హైదరాబాద్ బస్సెక్కే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

పుస్తకం పరీక్ష కూడా సరిగ్గా జరగాలి. పగటి వెలుగు, 75 సెంటీమీటర్ల దూరం, పేజీకి 3–4 సెకన్లు. పసుపు బల్బు కింద డ్యూటాన్ వాళ్లకు తప్పులు తగ్గుతాయి, మోసపోతారు. ఫోన్ తెర మీద చేసిన టెస్టు లెక్కలోకి రాదు. పేజీలు బట్టీ పట్టి పోయినా లాంతరు దగ్గర దొరికిపోతారు. రంగు అద్దాలు, లెన్సులు మెడికల్‌లో చెల్లవు. అవి కొంత వెలుగును ఆపేసి తేడా చూపిస్తాయి, అంతే. కంటిలో లేని సున్నితత్వం వాటితో రాదు.

దేవరకొండ_ఎంపీసీ:
బయటి దేశంల లైసెన్సు తెచ్చుకుంటే?

క్రాస్‌విండ్:
బ్రిటన్‌ల కాడ్ అని కంప్యూటర్ టెస్టు ఉంది. డ్యూటాన్‌కు 6, ప్రొటాన్‌కు 12 యూనిట్ల లోపు వస్తే పాస్. అమెరికాల కూడా 2025 జనవరి నుంచి కొత్తోళ్లకు కంప్యూటర్ టెస్టే. కానీ ఆ లైసెన్సు ఇక్కడ మార్చుకోవాల్నంటే మళ్ల డీజీసీఏ మెడికల్ కావాలె. తిరిగి మొదటికే.

మిర్యాలగూడ_డ్రోన్:
ఏటీసీకి (విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ ఉద్యోగం) పోదామన్నా క్లాస్ 3 మెడికల్‌లో రంగులు చూస్తరు, ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచిల ఇంకా గట్టిగ. డ్రోన్ సంగతి వేరు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు 18 నుంచి 65 ఏండ్ల వయసు, పదో తరగతి పాస్, గుర్తింపు పొందిన సంస్థల శిక్షణ ఉండాలె. పొలాలల్ల మందు కొట్టే 10 లీటర్ల డ్రోన్లు చాలామటుకు స్మాల్ కేటగిరీ, అంటే 2 నుంచి 25 కిలోలు. ముందు వెనుక చెప్పే ఎల్‌ఈడీలు ఎరుపు, ఆకుపచ్చల ఉంటే నీకు కలిసిపోతయి. ముక్కు దిక్కు ఉన్న చేతులకు తెల్ల రేడియం టేపు చుట్టు, రిమోట్ తెర మీది బాణం గుర్తు చూసుకుంట నడుపు.